జనం ఎన్‌బీఏని వదిలేయలేదు, ఎన్‌బీఏనే జనం ఇళ్ళలోంచి తీసేశారు

"ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటలు టీవీలో చూసేవాళ్ళు ఎందుకు తగ్గిపోతున్నారు? అందరూ త్రీలే (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లే) వేస్తున్నారని విసుగొచ్చిందా?" అని ఒకరు అడిగారు. నేను 2008 నుంచి డాలస్‌లో ఉంటున్నాను. మా ఊరి జట్టు మావరిక్స్ (మావ్స్) అంటే ప్రాణం. నా అనుభవంతో చెబుతున్నాను: ఆట మీద విసుగు పుట్టాలంటే ముందు ఆట కంటపడాలి కదా. మా ఇంట్లో అది నాలుగేళ్ళు కంటపడలేదు.

2011 మార్చిలో అమ్మానాన్న మొదటిసారి వచ్చారు. అప్పుడు మేం ఇర్వింగ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వాలీబాల్, కబడ్డీ, బాల్ బాడ్మింటన్, ఆటేదైనా చెవి కోసుకుంటారు. ఏప్రిల్ మొదట్లో క్రికెట్ ప్రపంచకప్ అయిపోయాక ఆయనకి ఇక్కడ ఏం తోచలేదు. పలకరించే మనిషి లేడు, పేపరు లేదు. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి టీవీలో ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే చివరి దశ ఆటలు) పెట్టాను. మావ్స్ స్టార్, ఏడడుగుల డర్క్ నోవిట్జ్‌స్కీ ఒక మోకాలు పైకెత్తి, ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ బంతి వేశాడు. పడింది. "ఏరా, ఈ కొంగ ఎవరు?" అన్నారు నాన్న. ఆ రోజు నుంచి మా ఇంట్లో డర్క్ పేరు కొంగే.

ఫైనల్స్ మయామీ హీట్‌తో. ఉచితంగా వచ్చే ఏబీసీ చానల్లో వచ్చేవి. రాత్రి ఎనిమిదికి కంచాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. రెండో ఆటలో ఏడు నిమిషాలు ఉందనగా మనవాళ్ళు 15 పాయింట్లు వెనకబడ్డారు. అమ్మ పడుకోవడానికి లేచింది. నాన్న కదల్లేదు. "ఆ కొంగ ఎడమచేతి వేలికి పట్టీ ఉంది చూడు, అయినా ఆ చేత్తోనే బంతి పడుతున్నాడు" అన్నారు. నేను అప్పటిదాకా గమనించలేదు. మొదటి ఆటలో ఆ వేలి నరం తెగింది. చివరికి 3.6 సెకన్లు ఉండగా డర్క్ అదే ఎడమచేత్తో బంతి వేసి గెలిపించాడు, 95-93. నాన్న తొడ చరిచిన చప్పుడుకి అమ్మ గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. జూన్ 12న ఆరో ఆట గెలిచి కప్పు తెచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న 41 నంబరు చొక్కా పెట్టెలో పెట్టుకుని వెళ్ళారు.

అప్పట్లో కేబుల్ ఉండేది. ఊరి జట్టు ఆడే 82 ఆటల్లో మనం కావాలని మానేస్తే తప్ప తప్పిపోయే ఆట లేదు. తర్వాత అందరిలాగే మేమూ కేబుల్ తీసేసి ఇంటర్నెట్ మీద వచ్చే సర్వీసుకి మారాం. 2020లో ఆ సర్వీసు వాళ్ళు మావ్స్ ఆటలు వేసే ప్రాంతీయ చానల్‌ని తీసేశారు. డబ్బుల దగ్గర తేడా వచ్చిందట. పోనీ లీగ్ పాకేజీ కొందామంటే అందులో దేశంలో అందరి ఆటలూ వస్తాయి, నీ ఊరి జట్టు ఆట మాత్రం లైవ్‌లో రాదు. దీనికి బ్లాకౌట్ అని పేరు. మిల్వాకీ ఆట, పోర్ట్‌లాండ్ ఆట చూడొచ్చు. ఇంటి నుంచి అరగంట దూరంలో జరిగే ఆట చూడకూడదు. ఇంతకంటే అన్యాయమైన నియమం నేను ఏ ఆటలోనూ చూడలేదు.

2022 డిసెంబరులో నాన్న మళ్ళీ వచ్చారు. ఆ క్రిస్మస్ నాడే డాలస్ అరీనా బయట డర్క్ విగ్రహం ఆవిష్కరించారు. ఆ ఒంటికాలి షాటే, తెల్లగా, ఆకాశంలోకి వాలినట్టు ఉంటుంది. మర్నాడు నాన్నని తీసుకెళ్ళాను. మంకీ క్యాపు, రెండు స్వెటర్లు. విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, నా భుజం పట్టుకుని, ఆయన కూడా మోకాలు ఎత్తి ఒంటికాలి మీద నిలబడ్డారు. 75 ఏళ్ళ మనిషి. మా అబ్బాయి ఫోటో తీశాడు. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది.

ఆ తర్వాతి రాత్రి, డిసెంబరు 27న, న్యూయార్క్ నిక్స్‌తో ఆట. "పెట్టరా, చూద్దాం" అన్నారు. ఆ ఆట వచ్చే చానల్ మా ఇంట్లో లేదు. పదకొండేళ్ళ కింద అపార్ట్‌మెంట్లో కూర్చుని చూపించినవాణ్ణి, ఇంత పెద్ద టీవీ గోడకి పెట్టుకుని, "రాదు నాన్నా" అని చెప్పాను. ఫోన్లో స్కోరు యాప్ తెరిచి మధ్యలో పెట్టుకున్నాం. మావ్స్ కొత్త స్టార్ లూకా డాన్చిచ్ పేరు పక్కన పాయింట్లు 40, తర్వాత 47, తర్వాత 50 దాటింది. ఎన్నికల ఓట్ల లెక్కింపు చూసినట్టు చూస్తున్నాం ముగ్గురం. 33 సెకన్లు ఉండగా 9 పాయింట్లు వెనక. అక్కణ్ణుంచి తగ్గుతూ తగ్గుతూ రెండుకి వచ్చింది. నాలుగు సెకన్లు ఉంది. యాప్‌లో ఒక లైను పడింది: డాన్చిచ్ ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే ఒక పాయింటు షాటు) మిస్.

"అయిపోయింది" అని నాన్న లేచి గదిలోకి వెళ్ళిపోయారు.

అది పడినా వచ్చేది ఒక్క పాయింటే, కావలసింది రెండు. అందుకే ఆ ఫ్రీ త్రో లూకా కావాలని తప్పించాడు. రింగుకి తగిలి వెనక్కి వచ్చిన బంతిని తనే అందుకుని, ఒక్క సెకను ఉండగా వేసి సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో గెలిచారు. ఆ ఒక్క ఆటలో లూకావి 60 పాయింట్లు, 21 రీబౌండ్లు (పడకుండా వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం), 10 అసిస్ట్‌లు (తోటివాడు బంతి వేయడానికి అందించిన పాసులు). ఎన్‌బీఏ చరిత్రలో అంతకు ముందు ఎవ్వరూ చేయలేదు. పొద్దున్న కాఫీ తాగుతుంటే మా అబ్బాయి తాతయ్యకి ఫోన్లో అర నిమిషం వీడియో చూపించాడు. నాన్న నాలుగుసార్లు చూశారు. చూసి, "ఇది రాత్రి చూడాల్సింది కదరా" అన్నారు. అంతే. నన్నేమీ అనలేదు. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నా దృష్టిలో వీక్షకులు తగ్గడం అంటే సరిగ్గా ఇదే. మా ఇంట్లో ముగ్గురు ఆ రాత్రి ఆట చూడాలని తహతహలాడాం. లెక్కల్లో మాత్రం మేం లేం. 2011లో ఎన్‌బీఏ ఆటలు వేసే కేబుల్ చానల్ ఈఎస్‌పీఎన్ 10 కోట్లకు పైగా ఇళ్ళలో వచ్చేది. ఇప్పుడు 7 కోట్ల లోపే. తలుపు మూసేసి చుట్టాలు రావడం లేదంటే ఎలా?

త్రీల సంగతి కూడా చెబుతాను, నాకూ నచ్చదు కాబట్టి. 2010-11లో ఒక్కో జట్టు ఆటకి సగటున 18 త్రీలు ప్రయత్నించేది. 2024-25లో 37 దాటింది. డర్క్ లాగా మధ్యదూరం నుంచి వేసేవాళ్ళు తక్కువైపోయారు. కానీ ఇది చూసేవాళ్ళ ఫిర్యాదు. చూడనివాడికి త్రీలెన్నో ఎలా తెలుస్తుంది?

దానికంటే ఎక్కువ కోపం తెప్పించేవి వేరే ఉన్నాయి. ఒకటి, విశ్రాంతి పేరుతో స్టార్లు కూర్చోవడం. మా అబ్బాయి పుట్టినరోజుకి ఒక పెద్ద ఆటగాడు వస్తున్నాడని నాలుగు టికెట్లు కొన్నాను, ఒక్కోటి 140 డాలర్లు. సాయంత్రం నాలుగింటికి అతను ఈ రోజు ఆడడం లేదని తెలిసింది. వాడి మొహం చూడలేకపోయాను. 65 ఆటలైనా ఆడకపోతే అవార్డులు లేవని 2023-24 నుంచి నియమం పెట్టారు. మంచిదే, పదేళ్ళు ఆలస్యం. ఇక పందేల గోల. ఆట మధ్యలో, ముందు, వెనక, ఎవరి మీద ఎంత కాయాలో చెబుతూనే ఉంటారు. పదమూడేళ్ళ పిల్లాడి పక్కన కూర్చుని అవి వినడం నాకు ఇష్టం లేదు. చివరి రెండు నిమిషాల ఆట ఇరవై నిమిషాలు సాగడం సరేసరి.

కొందరు టీవీ మొత్తానికే జనం తగ్గారు అంటారు. మరి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఎందుకు తగ్గలేదు? జట్టుకి 17 ఆటలే అన్నది ఒక కారణం. అసలు కారణం, వాళ్ళ ఆటల్లో చాలా భాగం ఉచితంగా వచ్చే చానళ్ళలోనే ఉంటాయి. కేబుల్‌లో వేసే ఆట కూడా ఆ రెండు జట్ల ఊళ్ళలో మామూలు చానల్లో వేసి తీరాలన్నది వాళ్ళ నియమం. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆట చూడటానికి డాలస్‌లో ఎవరూ ఏమీ కొనక్కర్లేదు. 1998లో మైకేల్ జోర్డన్ చికాగో బుల్స్ తరఫున ఆడిన చివరి ఆటని ఒక్క అమెరికాలోనే సుమారు 3.59 కోట్ల మంది చూశారు, ఎన్‌బీసీలో. 2024లో మా మావ్స్ బోస్టన్‌తో ఆడిన ఫైనల్స్ సగటు 1.13 కోట్లు. ఫైనల్స్ ఇప్పటికీ ఏబీసీలోనే వస్తాయి కదా అనొచ్చు. వస్తాయి. కానీ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ముఖం చూడని ఆటగాడి కోసం జూన్‌లో ఎవరు కూర్చుంటారు? నాన్న డర్క్ కోసం కూర్చున్నారంటే రెండు నెలలు అతన్ని రోజు విడిచి రోజు చూశారు కాబట్టే.

2025 సెప్టెంబరులో ఆటలు చూడటానికి అయ్యే ఖర్చు గురించి అడిగితే, ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్ ఇది హైలైట్ల మీద నడిచే ఆట అన్నట్టు జవాబిచ్చారు. హైలైట్లు ఉచితమే కదా అని. నాకు ఒళ్ళు మండింది. ఆ అర నిమిషం వీడియోలో మా నాన్న లేచి వెళ్ళిపోయిన బాధ ఉండదు, 33 సెకన్ల ఉత్కంఠ ఉండదు. ఇప్పుడు 11 ఏళ్ళకి సుమారు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదిరింది. డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్ పంచుకున్నాయి. ఏ రోజు ఆట ఎక్కడో గుర్తుపెట్టుకోవడమే ఒక పని. అయినా 2025-26 మొదలయ్యాక చూసేవాళ్ళు పెరిగారు. ఎందుకంటే 2002లో పోయిన ఎన్‌బీసీ తిరిగి వచ్చింది, ఏ కేబుల్ పెట్టె లేకపోయినా యాంటెన్నాతో వచ్చే చానల్ అది. నేను చెప్పేదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మా ఊళ్ళో ఈ మార్పు ఒక ఏడాది ముందే వచ్చింది. 2024లో మావ్స్ ఆ ప్రాంతీయ చానల్‌తో తెగతెంపులు చేసుకుని స్థానిక ఆటల్ని ఉచితంగా చానల్ 29కి ఇచ్చారు. నేను పాతిక డాలర్ల యాంటెన్నా కొని కిటికీ అద్దానికి అంటించాను. నవంబరులో ఒక రాత్రి ఏడున్నరకి నాన్నకి వీడియో కాల్ చేసి, ఫోన్ని టీవీ ఎదురుగా పుస్తకాలకి ఆనించి పెట్టాను. తెనాలిలో ఉదయం ఏడు. కాఫీ గ్లాసు పట్టుకుని సగం ఆట చూశారు. మధ్యలో, "ఆ రోజు ఫ్రీ త్రో కావాలని తప్పించిన పిల్లాడు ఏడిరా?" అని అడిగారు. 77 నంబరు అని వేలు పెట్టి చూపించాను. ఆ చలికాలం అలా వీలు కుదిరినప్పుడల్లా చూశాం.

2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి లూకాని లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కి పంపేశారని వార్త వచ్చింది. నాన్నకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.