పుస్తకంతో ఊరూరా తిరగాలా?

ప్రశ్న: నా తొలి కథల సంపుటి అచ్చులో ఉంది. ఆవిష్కరణ సభతో ఆగకుండా, రెండు రాష్ట్రాల్లోనూ పరిచయ సభలు పెట్టుకోమని మిత్రులు అంటున్నారు. ఖర్చంతా నాదే. అలా తిరిగితే పుస్తకాలు అమ్ముడవుతాయా? మీ అనుభవం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా తిరగండి. అయితే దారి ఖర్చులు అమ్మకాలతో తిరిగి వస్తాయన్న ఆశ పెట్టుకోకండి. నా నవల వెలువడినప్పుడు విశాఖపట్నం నుంచి వరంగల్ దాకా తిరిగాను. సభల్లో అమ్మిన ప్రతుల డబ్బు రైలు చార్జీలకే చాలలేదు. కానీ రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు లేచి, నేను రెండు పేజీల్లో ముగించిన వదిన పాత్ర ఆ తర్వాత ఏమైందని నిలదీసినప్పుడు, నా పుస్తకాన్ని నాకంటే శ్రద్ధగా చదివినవారు ఉన్నారని తెలిసి ఎంతో సంతోషించాను. నా తర్వాతి కథ ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

అటువంటి ప్రశ్న రావాలంటే, సభకు వచ్చేవారిలో కొందరైనా ముందే పుస్తకం చదివి ఉండాలి. వేదిక మీద అరడజను మంది వక్తలు, శాలువాలు, సన్మానాలతో పొద్దుపోయి, రచయితకు చివరి అయిదు నిమిషాలు మిగిలే సభలు మనకు ఇప్పటికే ఎక్కువ. వాటికి బదులు, నెల ముందే ఆ ఊరి సాహితీ మిత్రులకు పది ప్రతులు పంపి, చదివినవారితో రెండు గంటల గోష్ఠి ఏర్పాటు చేయమని అడగండి. ఇరవై మంది వచ్చినా చాలు.

ఏ ఊరు వెళ్లినా అక్కడి పాత గ్రంథాలయాన్ని విడిచిపెట్టకండి. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, మీకు దగ్గరలోనే వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం వంటివి తరతరాల పాఠకులను తయారుచేశాయి. సభకు చోటు కుదరకపోయినా అక్కడ ఒక ప్రతి ఇచ్చి రండి. కొనలేని పాఠకుడికి మీ కథలు చేరే దారి అదే.

అమ్మకాల మాటకొస్తే, పుస్తకాన్ని నవంబరు కల్లా తీసుకురండి. సాధారణంగా హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులోనూ, విజయవాడది జనవరి మొదట్లోనూ జరుగుతాయి. కొనాలనే వచ్చే జనం అక్కడ ఉంటారు కనుక, ఎవరైనా ప్రచురణకర్త దుకాణంలో మీ ప్రతులు ఉంచి, వీలైనన్ని సాయంత్రాలు మీరే అక్కడ నిలబడండి.