కుందేలు వేటకు ఏ ములికి కొనాలి? మిషిగన్ తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నా, మేము నోవైలో ఉంటున్నాం, వచ్చి ఏడాది దాటింది. ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతూ తన పాత రికర్వ్ విల్లు, అదే కొసలు ముందుకు వంగి ఉండేది, నాకిచ్చాడు. తాడు లాగడానికి 45 పౌండ్ల బలం కావాలి. రేంజిలో గడ్డిమోపు మీద బాగానే తగులుతున్నాయి. ఈ చలికాలం కుందేళ్ళకు వెళ్దామనుకుంటున్నా. షాపులో బాణాల ములికులు చూస్తే తల తిరిగింది. ఏవి కొనాలి?

జవాబు: తమ్ముడూ, ఆ షాపులో గోడ నిండా వేలాడే ప్యాకెట్ల ముందు నేనూ నిలబడ్డవాణ్ణే. నీకు వీడియోలున్నాయి, అడిగితే చెప్పడానికి నేనున్నాను. నాకప్పుడు ఇవేమీ లేవు. కౌంటర్ దగ్గర ముసలాయన మాట్లాడేది సగం కూడా అర్థంకాక, అన్నిటికీ తలూపి, మూడు అలుగుల బ్రాడ్‌హెడ్‌ల ప్యాకెట్ ఒకటి తెచ్చుకున్నాను. మూడింటికి నలభై డాలర్లు. అవి జింకలకు. కుందేలుకు అంత అలుగు అక్కర్లేదని, మాంసం పాడు చేస్తుందని, గురి తప్పి చెట్టులో దిగితే కత్తితో తవ్వుకోవాల్సిందేనని ఆ తర్వాత తెలిసింది. ఒకటి ఇప్పటికీ హైలాండ్ అడవిలో ఓ ఓక్ చెట్టులోనే ఉంది. పదమూడు డాలర్లు ఆ చెట్టుకు సమర్పయామి.

రూల్స్ గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా, మిగతావి డీఎన్నార్, అంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ, వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చదువుకున్నవాడివి, చూసుకో. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ సేఫ్టీ కోర్సు ఉండాలి. బేస్ లైసెన్సు తీసుకోవాలి. వీసా మీదున్నవాళ్ళకు తుపాకీతో ఫెడరల్ చట్టంలో చిక్కులున్నాయి. ఆ లెక్కలో విల్లు తుపాకీ కిందికి రాదు, మనవాళ్ళు చాలామంది ఇటు రావడానికి అదీ ఒక కారణం. సీజను, నారింజ చొక్కా, ఎక్కడ కొట్టొచ్చు ఎక్కడ కొట్టకూడదు, ఇవన్నీ ఆ ఏటి వేట రూల్స్ పుస్తకం చూసే బయల్దేరు.

ఇక అసలు విషయం. కాస్ట్‌కోలో కాల్చిన కోడి 4.99 డాలర్లు. మంచి కార్బన్ బాణం ఒకటి, ములికితో కలిపి, దానికి మూడింతలు. ఇక్కడి కాటన్‌టెయిల్ కుందేలు ఒళ్ళంతా తూచినా కిలో, కిలోన్నర. తోలు తీసి శుభ్రం చేశాక ఇద్దరికి ఒక పూట కూర. అంటే ఒక్క బాణం పోయిందంటే ఆ రోజు వేట నష్టం కిందే లెక్క. అందుకే నన్నడిగితే ములికి ఎంపిక అంటే, బాణం మళ్ళీ చేతికొచ్చేలా చూసుకోవడం. షాపువాడు ఈ మాట చెప్పడు. వాడి బతుకు మనం పోగొట్టుకునే బాణాల మీదే.

నువ్వు రేంజిలో వాడుతున్న సన్న మొన ఫీల్డ్ పాయింట్ ఉంది చూడు, దాంతో అడవికి వెళ్ళకు. దానివల్ల రెండు నష్టాలు. కుందేలుకు తగిలినా సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి దూసుకుపోతుంది. అది గాయంతో పొదలోకి దూరి ఎక్కడో చస్తుంది. నీకూ దక్కదు, దానికీ నరకం. తగలకపోతే ఇంకా అన్యాయం. గడ్డి మొదళ్ళలోకి పాములా దూరి, పైన గడ్డి కప్పేసుకుంటుంది. బాణం మీద నిలబడ్డా కనిపించదు. నా మొదటి డజను ఆ లెక్కనే థాంక్స్‌గివింగ్ రాకముందే అయిపోయింది. పైగా అందం చూసి గోధుమరంగు టర్కీ ఈకలు కట్టినవి కొన్నాను. అక్టోబరు చివర్లో ఓక్ ఆకులు రాలాక నేలంతా ఆ రంగే.

అప్పుడు నాకొక ఇంజనీరు బుద్ధి పుట్టింది. మెటల్ డిటెక్టర్ కొన్నాను! కార్బన్ కాడ దానికి దొరకదు, ముందున్న ఉక్కు ములికి దొరుకుతుంది కదా అని. దొరికినవి బీరు సీసాల మూతలు, ఒక ముల్లుకంచె ముక్క, ఒక పెన్నీ. ఆ డబ్బుతో రెండు డజన్ల బాణాలొచ్చేవి. మా ఆవిడ ఆ డిటెక్టర్‌ని గరాజ్‌లో గోడకు తగిలించి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తుంది.

నువ్వు కొనాల్సింది జూడో పాయింట్. ముందు మొద్దుగా ఉంటుంది, దాని చుట్టూ నాలుగు వైపులా చిన్న స్ప్రింగు తీగలు చేతులు చాచినట్టు ఉంటాయి. గురి తప్పి గడ్డిలో పడగానే ఆ తీగలు గడ్డిని పట్టుకుంటాయి. బాణం దూసుకుపోకుండా అక్కడే పల్టీ కొట్టి, తోక పైకి లేచి ఆగుతుంది. వెళ్ళి తీసుకుంటే తీగల మధ్య గుప్పెడు ఎండుగడ్డి, ఒక్కోసారి వేర్లతో సహా వస్తుంది. అదంతా వేళ్ళతో పీకి మళ్ళీ అమ్ములపొదిలో పెట్టుకోవడమే. కుందేలుకు తగిలితే దూసుకుపోదు, దెబ్బ మొత్తం అక్కడే దిగుతుంది. నీ 45 పౌండ్ల విల్లుకు పది, పన్నెండు గజాల్లో అది చాలు, తలకు గానీ భుజం వెనక గానీ గురిపెట్టు. ఇరవై గజాల్లో కొడతానంటావా, నీ ఇష్టం, గాయపడి పారిపోయినదాన్ని వెతుక్కుంటూ చీకటిపడేదాకా తిరుగు. రాళ్ళ నేలలో మాత్రం ఆ తీగలు విరుగుతాయి, అక్కడ వాడకు.

ధర చూసి గుండె జారుతుంది, నాకూ జారింది. ముందు అది దాటేసి చవకలో దొరికిన ఉక్కు మొద్దు ములికులు కొన్నాను. క్లియరెన్సులో పెట్టారు, 200 గ్రెయిన్లవి. బరువు సంగతి నాకు పట్టలేదు. నేను రోజూ వేసేది 125 గ్రెయిన్లు, అంటే సుమారు 8 గ్రాములు, మన కాసు బంగారమంత. ముందు ఇంకో అయిదు గ్రాములు పెరిగేసరికి వదిలినప్పుడు కాడ ఎక్కువగా వంగి, బాణాలన్నీ కుడికి పోవడం మొదలుపెట్టాయి. నేను కుడిచేతివాణ్ణి. ఎడమచేతివాడైతే ఎడమకు పోతాయి. నా చెయ్యే పాడైందనుకుని డబ్బు కట్టి పాఠం కూడా చెప్పించుకున్నాను! కాబట్టి రేంజిలో ఏ బరువు వాడుతున్నావో అడవికీ అదే బరువు కొను. 125 అయితే 125, 145 అయితే 145. ప్యాకెట్ మీద ఉంటుంది. షాపుల్లో ఎక్కువగా కనిపించేవి 100 గ్రెయిన్లవి, అవి చాలావరకు కాంపౌండ్ విల్లు వాళ్ళ కోసం. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టింది ఆ కాంపౌండ్‌తోనే. చక్రాలుంటాయి, గురి చూసుకునే అద్దముంటుంది. నీ పాత విల్లుకు ఆ భోగాలు లేవు, బాణానికి ముందు బరువు కాస్త ఉంటేనే తిన్నగా పోతుంది.

ఇంకో మాట, కొనేముందు నీ కాడ ఏదో చూసుకో. కార్బన్‌దో అల్యూమినియందో అయితే మర తిప్పి బిగించేది కావాలి, దాని కొలత 8-32. పెద్దాయన ఇచ్చినవి చెక్క బాణాలైతే మర ఉండదు, 5 డిగ్రీల వాలుతో చెక్కిన మొన మీద హాట్‌మెల్ట్ జిగురుతో అతికించాలి. ములికిని పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మీద వేడిచేసి, జిగురు రాసి, తిప్పుతూ ఎక్కించు. వంటింట్లో చెయ్యకు, ఆ వాసనకు పొగ అలారం మోగకపోయినా ఇంట్లోవాళ్ళు మోగుతారు. చెక్క కాడలకు ఇక్కడి పాతకాలం వాళ్ళు ఖాళీ .38 తూటా తొడుగులు ఎక్కిస్తారు. దాదాపు ఉచితం. బరువు మాత్రం తూచుకో.

రబ్బరు మొద్దులు ఇంకా చవక. చెట్టుకు తగిలినా దిగకుండా ఎగిరొచ్చి కింద పడతాయి. కాబట్టి పైకి కొట్టేటప్పుడు, అంటే ఉడతలకు, బాగుంటాయని అంటారు. కానీ ఇక్కడి ఫాక్స్ ఉడత మొండిఘటం, నీ విల్లుకు ఉక్కు మొద్దే నయం. పైకి కొట్టేదానికి ఫ్లూ-ఫ్లూ అనే పెద్ద ఈకలు కట్టిన బాణం కావాలి, లేకపోతే అది పక్క కౌంటీలో దిగుతుంది. నేను ఉడతల జోలికి పోను. రాముడు నిమిరిన జీవి అని మా ఆవిడ ఒప్పుకోదు. ఇక్కడి ఉడతకు వీపు మీద చారలు లేవు కదా అంటే, వలస వచ్చాక చెరిగిపోయాయంది. ఇంకేం మాట్లాడతాం.

డిట్రాయిట్ కార్ల పని కోసం వచ్చి విల్లు పట్టినవాడివి నువ్వొక్కడివే కాదు. ఫ్రెడ్ బేర్ 1923లో పెన్సిల్వేనియా నుంచి ప్యాకర్డ్ కార్ల కంపెనీలో పనికొచ్చినవాడే. తర్వాత గ్రేలింగ్‌లో విల్లుల ఫ్యాక్టరీయే నడిపాడు. నీ పాత విల్లు మీద ఆయన పేరుంటే అమ్మకు, నన్నడుగు.

మంచు సంగతి మర్చిపోయాను. కొత్తగా పడ్డ మెత్తటి మంచులో జూడో కూడా ఆగదు. పైన సన్నటి గీత మాత్రం కనిపిస్తుంది, బాణం దానికి బారెడు అవతల, అడుగున ఉంటుంది. మంచు గట్టిపడేదాకా ఆగు. నేను ఆగక పోగొట్టుకున్నది ఏప్రిల్‌లో వెళ్ళి వెతికాను, దొరికింది. ఈకలు పోయాయి, కాడ బాగానే ఉంది, ఇప్పటికీ వాడుతున్నా.

ఈకలు మాత్రం పసుపో గులాబీయో కట్టించు, సిగ్గుపడకు. కుందేలు శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకో, వాటి నుంచి మనకంటుకునే జ్వరం జబ్బొకటుంటుంది. బాగా ఉడికించు.

ముందు మూడు జూడోలు చాలు, డజను కొనకు. ఆర్డరు పెట్టేముందు నాకోసారి మెసేజ్ పెట్టు, నాకూ మూడు కావాలి. షిప్పింగ్ చెరిసగం వేసుకుందాం.