మొరాకోలో ఉద్యోగం: ఫ్రెంచ్ నేర్చుకోవాలా, అరబిక్ నేర్చుకోవాలా?

కాసాబ్లాంకాలో ఉద్యోగం వచ్చింది, వెళ్లేలోపు ఏ భాష మొదలుపెట్టాలి, దుబాయ్‌లో ఉన్నప్పుడు వచ్చిన అరబిక్ పనికొస్తుందా అని అడిగారు. నేను అల్ జదీదా దగ్గర జోర్ఫ్ లస్ఫర్‌లో ఒక ఎరువుల ప్లాంటులో పనిచేశాను, కుటుంబంతో అక్కడే ఉన్నాం, అందుకని ఆఫీసు సంగతీ ఇంటి సంగతీ రెండూ చెప్తాను. ఆఫీసుకి ఫ్రెంచ్ కావాలి, మిగతా బతుకంతటికీ దారిజా కావాలి.

దారిజా అంటే మొరాకోలో ఇళ్లలో, వీధుల్లో మాట్లాడే అరబిక్. టీవీ వార్తల్లో, ప్రభుత్వ కాగితాల్లో కనిపించే అరబిక్ వేరు, అది అక్కడ పుట్టినవాళ్లు కూడా బడికి వెళ్లి నేర్చుకునేదే. మొరాకోవాళ్లు ఈజిప్టు సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లు, బయటి అరబిక్ వాళ్ల చెవికి అలవాటే, కాబట్టి మీ గల్ఫ్ అరబిక్ వాళ్లకి చాలావరకు అర్థమవుతుంది, కానీ వాళ్లు తిరిగి మాట్లాడేది మొదట్లో మీకు అందదు. అచ్చులు మింగేసి గబగబా మాట్లాడతారు, మధ్యలో ఫ్రెంచ్, స్పానిష్ మాటలు, అక్కడి పాత స్థానిక భాష అమాజిగ్ మాటలు కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు అంటే దాబా, సరే అంటే వాఖా, చాలా అంటే బెజ్జాఫ్, ఇక చాలు అంటే సాఫీ, ధర అడగాలంటే బిష్‌హాల్. మా ఆవిడ ఫ్రెంచ్ ఒక్క ముక్క రాకుండా ఇలాంటి మాటలతోనే కూరల మార్కెట్లో మొదలుపెట్టింది, కొన్నాళ్లకి పక్కింటి ఆడవాళ్లతో కూర్చుని కబుర్లు చెప్పే దాకా వెళ్లింది.

ఒక్క మాట, దాన్ని ఎవరిముందూ పాడైపోయిన అరబిక్ అనకండి. అక్కడ చదువుకున్నవాళ్లలోనే కొందరు అలా అంటారు, నాకు మాత్రం వినబుద్ధి కాదు. 2024 జనాభా లెక్కల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మాట్లాడుతున్నామని చెప్పిన భాష అది. మెసేజ్‌లలో దాన్ని ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు, ఆ అక్షరాల్లో లేని శబ్దాలకి 3, 7, 9 అంకెలు వాడతారు. మాట మధ్యలో అంకె కనిపిస్తే టైపింగ్ తప్పు అనుకోవద్దు.

ఇక ఫ్రెంచ్. 1912 నుంచి 1956 వరకు ఫ్రాన్స్ పెత్తనం నడిచింది, రాజ్యాంగంలో ఫ్రెంచ్‌కి ఏ హోదా లేకపోయినా బ్యాంకు, కంపెనీ కాంట్రాక్టు, డాక్టరు రాసే చీటీ ఎక్కువగా అందులోనే ఉంటాయి. స్వాతంత్ర్యం వచ్చాక బడిలో లెక్కలు, సైన్సు అరబిక్‌లోకి మార్చారు గానీ యూనివర్సిటీలో మెడిసిన్, ఇంజనీరింగ్ ఫ్రెంచ్‌లోనే ఉండిపోయాయి. మన దగ్గర ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి బీటెక్ మొదటి సంవత్సరంలో తెల్లమొహం వేసే పిల్లల కష్టమే అది. నాతో పనిచేసిన కుర్రాళ్లు ఆ సంగతి చెప్తుంటే చాలా బాధనిపించేది, తెలివికి లోటు లేదు, భాష దగ్గరే ఆగిపోయి చదువు మానేసినవాళ్లు వాళ్ల ఊళ్లలో ఉన్నారు. 2019లో తెచ్చిన చట్టంతో బడిలోనూ సైన్సు పాఠాలు ఫ్రెంచ్‌లో చెప్పే వీలు కల్పించారు, దాని మీద పెద్ద గొడవే అయింది. ఇంగ్లీషు యువతకి వస్తుంది, మీటింగు మీకోసం ఇంగ్లీషులోనే మొదలుపెడతారు, కానీ చర్చ వేడెక్కితే ఫ్రెంచ్, దారిజా కలిపి వెళ్లిపోతుంది, అసలు నిర్ణయాలు అప్పుడే జరుగుతాయి.

అమాజిగ్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. అరబిక్ రాకముందు నుంచీ ఆ నేలమీద ఉన్నది అదే. ఉత్తరాన రీఫ్ కొండల్లో తరిఫీత్, మధ్య అట్లాస్ కొండల్లో తమాజిగ్త్, అగాదీర్ వైపు సూస్ ప్రాంతంలో తషల్హీత్ మాట్లాడతారు. 2011 రాజ్యాంగం అరబిక్‌తో పాటు అమాజిగ్‌నీ అధికార భాష చేసింది, ఆఫీసు బోర్డుల మీద గీతలు, గుండ్రాలతో కనిపించేది దాని తిఫినాగ్ లిపి. కాసాబ్లాంకాలో మీ వీధి చివర కిరాణా కొట్టాయన సూస్ మనిషే అయ్యుండే అవకాశం ఎక్కువ, సామాను తీసుకున్నాక తన్‌మిర్త్ అని థ్యాంక్స్ చెప్పి చూడండి, ఎంత సంతోషిస్తాడో. 2024 లెక్కల ప్రకారం ఆ భాష మాట్లాడేవాళ్లు దాదాపు పావువంతు జనాభా, పట్నాలకి వచ్చేసిన కుటుంబాల్లో పిల్లలకి దారిజానే మిగులుతోంది. కొత్తగా వెళ్లేవాళ్లం కూడా దాన్ని పట్టించుకోవాలని నా అభిప్రాయం.

టాంజియర్, తెతువాన్ వైపు బదిలీ అయితే స్పానిష్ బాగా వినిపిస్తుంది, 1956కి ముందు తెతువాన్‌తో సహా ఆ ఉత్తర భాగం చాలావరకు స్పెయిన్ చేతిలో ఉండేది, టాంజియర్ మాత్రం చాలాకాలం కొన్ని దేశాలు కలిసి నడిపిన అంతర్జాతీయ ప్రాంతంగా ఉండేది.

మీరు హైదరాబాద్‌లోనే ఉంటే ఈ నెల నుంచే అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టండి. దారిజా అక్కడికి వెళ్లాక ఒక ట్యూటర్‌ని పెట్టుకుని మాట్లాడుతూ నేర్చుకోండి. అరబిక్ క్లాసు అని అడిగితే పుస్తకాల అరబిక్‌లో చేర్చేస్తారు, కాబట్టి ఫీజు కట్టకముందే దారిజా కావాలని గట్టిగా చెప్పండి.