అడిగితే వై నొక్కు

చిరంజీవి శైలుకి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు ఇప్పుడు ఏఐకి పాఠాలు రాస్తోందట" అని నవ్వింది. తీరా అడిగితే, సర్వర్లు చూసుకునే ఏఐ ఏజెంట్ల కోసం డిస్క్ టూల్స్ డాక్యుమెంటేషన్ నీకు అప్పజెప్పారని తెలిసింది. గర్వంగానే ఉంది. కానీ రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. మీ అత్తయ్య లేచి బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. బ్యాకప్ ఉందంటే సరిపోదు, అందులోంచి ఒక్క ఫైలైనా వెనక్కి తెచ్చి చూడమని రాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాక గానీ, బ్యాకప్‌లు సరిగ్గా పనిచేయడం లేదని తెలియలేదు. డిస్కుని ఏ భాగాలుగా విడగొట్టారో చెప్పే పార్టిషన్ టేబుల్ ముట్టుకునే ముందు ఎస్‌ఎఫ్‌డిస్క్ అనే టూల్‌తో దాని కాపీ తీసి వేరే మెషీన్‌లో పెట్టాలి. ఆ టేబుల్ మార్చే ఎఫ్‌డిస్క్‌లో, రాసెయ్యమని డబ్ల్యూ కొట్టేదాకా డిస్క్ మీద ఏమీ మారదు. అదే పని చేసే పార్టెడ్‌లో ఎంటర్ కొట్టగానే అయిపోతుంది. రెండూ ఒకటే అన్నట్టు రాయకు.

ఇక మీ అమ్మకి కూడా చెప్పని సంగతి ఒకటుంది.

2008లో హైదరాబాద్‌లో సర్వర్లు చూసేవాణ్ణి. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ జీతాలు, హాజరు లెక్కలు మా లినక్స్ సర్వర్‌లో ఉండేవి. డిస్క్ నిండుతోంది, కొత్తది వెయ్యాలి. పగలంతా నేనే సర్దిపెట్టి, రాత్రి షిఫ్ట్ కుర్రాడికి అర పేజీ నోట్సు రాసిచ్చి ఇంటికొచ్చేశాను. మూడో లైను నాకింకా నోటికొచ్చు: "ఎస్‌డీబీ మీద ఎంకేఎఫ్ఎస్ కొట్టు. ఏమైనా అడిగితే వై నొక్కు."

ఎంకేఎఫ్ఎస్ అంటే డిస్కుని కొత్తగా ఫార్మాట్ చేసే కమాండ్. ఎస్‌డీబీ అనేది లినక్స్ డిస్కుకి పెట్టే పేరు, నేను రాసేటప్పుడు అది కొత్త డిస్కే. రాత్రి కంట్రోలర్ కార్డు ఒకటి మార్చి రీబూట్ చేశారు. ఆ పేర్లు డిస్కులకి పుట్టుకతో వచ్చినవి కావు కదా, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కి ఏది ముందు కనిపిస్తే దానికి ముందు పేరు. పాత డిస్కు ఎస్‌డీబీ అయి కూర్చుంది. మౌంట్ అయి, అంటే వాడకానికి తగిలించి ఉంటే ఎంకేఎఫ్ఎస్ మొరాయించేది, కానీ దాన్ని అన్‌మౌంట్ చేసి పెట్టింది నేనే. "ఇది పార్టిషన్ కాదు, మొత్తం డిస్కు, అయినా కానివ్వనా" అని అది అడిగింది కూడా. కుర్రాడు వై నొక్కాడు. నొక్కమన్నది నేనేగా.

టేపు మీద నాలుగు రోజుల నాటి బ్యాకప్ దొరికింది. మిగతా హాజరంతా రిజిస్టర్లు ముందేసుకుని మళ్లీ ఎక్కించాం. మేనేజర్ ముందు వాడు తలొంచుకుని నిలబడితే, "చూసుకోవాలి కదయ్యా" అని నేనూ ఒక మాట అన్నాను. నోట్సు సంగతి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అమీర్‌పేటలో కోర్సు చేసి ఆ ఫీజు అప్పే ఇంకా తీరుస్తున్న పిల్లాడు. రెండు నెలల్లో మానేశాడు.

నీ ఏజెంట్ కూడా వాడిలాగే రాసింది రాసినట్టు చేస్తుంది. వాడికి వై నొక్కేముందు చెయ్యి కాస్త ఆగే ఉంటుంది, దీనికి ఆగే చెయ్యి కూడా లేదు. అందుకని ఉదాహరణల్లో ఎస్‌డీబీ అని పొరపాటున కూడా రాయకు, అదే కాపీ కొడుతుంది. అలాగే నడిపితే ఎర్రర్ వచ్చే ఖాళీ పేరు పెట్టు. డిస్కుని, రీబూట్ చేసినా మారని బై-ఐడీ దారిలో, సీరియల్ నంబరుతో పిలవమను. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కేతో సైజు, మోడల్, సీరియల్ కమాండ్ కొట్టే ముందే మళ్లీ చూడాలి, పొద్దున చూసింది చెల్లదు.

ఇంకొకటి. డిస్క్ మీద పాత ఫైల్‌సిస్టమ్, అంటే ఫైళ్లు సర్దిపెట్టే అమరిక ఉంటే, ఎక్స్‌ఎఫ్ఎస్ అనే రకం ఫైల్‌సిస్టమ్ వాళ్ల ఎంకేఎఫ్ఎస్ పని చెయ్యనంటుంది, బలవంతంగా చేయించే ఎఫ్ ఆప్షన్ ఇస్తే చేస్తానంటుంది. ఏజెంట్‌కి అది దాటాల్సిన అడ్డంకిలా కనిపిస్తుంది, వెంటనే ఎఫ్ పెడుతుంది. "ఇక్కడ ఆగి మనిషిని అడుగు" అని ఆ చోటే రాయి. చివర్లో జాగ్రత్తలు అని ఒక పేజీ పెట్టావో, చూడు నా సంగతి! ప్రతి టూల్‌కీ మొదటి లైనులోనే వెనక్కి తేగలమో లేదో ఉండాలి. వైప్‌ఎఫ్ఎస్ చెరిపిన ఫైల్‌సిస్టమ్ గుర్తులు బ్యాకప్ ఆప్షన్‌తో దాచుకుంటే తిరిగి పెట్టుకోవచ్చు. ఉన్నదంతా పారెయ్యమనే బ్లాక్‌డిస్కార్డ్ కొట్టిన ఎస్‌ఎస్‌డీలోంచి వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. నేరుగా డిస్కు మీద రాసేసే డీడీ అయితే అడగను కూడా అడగదు.

చిన్నప్పుడు స్టెప్పులు ఎగ్గొట్టి జవాబు మాత్రం రాసి, మార్కులు పోతే నా ఒళ్లో కూర్చుని ఏడ్చేదానివి. డ్రాఫ్ట్ అవ్వగానే పంపు, ఒక్కో లైను చదువుతాను. కొత్త కళ్లద్దాలు బాగానే ఉన్నాయి.

మీ అమ్మతో ఆవకాయ, మాగాయ పంపిస్తున్నాం. రెండు జాడీలూ ఒకేలా ఉన్నాయి. మీ అత్తయ్య మూతల మీద పేర్లు రాసింది, నేను జాడీల మీద కూడా రాయించాను. మూతలు మారిపోతాయి.

మావయ్య