పది లక్షలు తీసుకుని సంతకం పెట్టేయమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య వయసు 30. విశాఖ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) కంపెనీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా చేసేవాడు. నెలకి 18 వేలు, కాంట్రాక్టర్ ఫోన్‌పేలో వేసేవాడు, పే స్లిప్ లేదు. 2025 అక్టోబర్‌లో ఈటీపీ (ఫ్యాక్టరీ వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంట్) ట్యాంక్ క్లీనింగ్‌కి దిగిన ఇంకో హెల్పర్ లోపల పడిపోతే అన్నయ్య పైకి లాగుదామని దిగాడు, ఇద్దరూ చనిపోయారు. అన్నయ్యని ఎవరూ దిగమనలేదు, పర్మిట్ (ట్యాంకులోకి దిగడానికి ఇచ్చే అనుమతి కాగితం) లేకుండా తనే దిగాడు కాబట్టి మాకు సంబంధం లేదు అంటోంది కంపెనీ. కాంట్రాక్టర్ మాత్రం 10 లక్షలు ఇస్తాను, కేసు వెనక్కి తీసుకుంటామని స్టాంప్ పేపర్ మీద నాన్నతో సంతకం పెట్టించమంటున్నాడు. వదిన, నాలుగేళ్ళ పాప ఉన్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ స్టాంప్ పేపర్ జోలికి పోకండి. గమనించారో లేదో, సంతకం మీ నాన్నగారిది అడుగుతున్నారు, మీ వదినది కాదు. పరిహారంలో మొదటి హక్కుదారులు వదిన, పాప. వాళ్ళిద్దర్నీ వదిలేసి పెద్దాయన దగ్గరకి వచ్చారంటే ఆ కాగితం రాసినవాడికి చట్టం తెలియక కాదు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, మాకు ఏది వర్తిస్తుంది అని కూడా ఎవరో మిమ్మల్ని కంగారు పెట్టే ఉంటారు. ప్రమాదం అక్టోబర్‌లో జరిగింది, మీ హక్కు ఆ రోజే పుట్టింది, కాబట్టి నేను పాత చట్టాల లెక్కలోనే చెప్తున్నా.

మొదట తేల్చుకోవాల్సింది ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా. 21 వేల లోపు జీతం కాబట్టి అన్నయ్యకి ఈఎస్‌ఐ ఉండాలి, కాంట్రాక్టర్ కట్టకపోతే కంపెనీయే కట్టాలి. అసలు ఎవరూ కట్టకపోయినా మీవాళ్ళ హక్కు పోదు, ఈఎస్‌ఐ వాళ్ళు మీకు ఇచ్చి ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఈఎస్‌ఐ ఆఫీసుకి వెళ్ళి అన్నయ్య పేరు మీద నంబర్ ఉందా, ఉంటే ఏ తేదీన పుట్టిందో అడగండి. ప్రమాదం జరిగిన మర్నాడు పుట్టిన నంబర్లు నేను చూశాను. ఈఎస్‌ఐలో ఒకేసారి పెద్ద మొత్తం రాదు, నెల నెలా డిపెండెంట్స్ బెనిఫిట్ వస్తుంది, జీతంలో 90 శాతం. 18 వేలకి ఇంచుమించు 16,200, అందులో ఐదింట మూడు వంతులు వదినకి, రెండు వంతులు పాపకి. వదిన మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే జీవితాంతం, పాపకి పెళ్ళి అయ్యేదాకా. వీళ్ళిద్దరూ ఉన్నారు కాబట్టి అమ్మానాన్నలకి ఇందులో రాదు, అది ఇంట్లో ముందే మాట్లాడుకోండి, తర్వాత మనస్పర్థలు వస్తే లాభపడేది కాంట్రాక్టరే.

ఈఎస్‌ఐ పరిధిలోకి రాకపోతేనే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. రెండూ కలిపి రావు. ఇక్కడ లెక్క చూడండి. జీతం ఎంతైనా 15 వేల వరకే తీసుకుంటారు, అందులో సగం 7,500, దాన్ని 30 ఏళ్ళ వయసుకి చట్టంలో ఇచ్చిన 207.98 తో గుణిస్తే 15,59,850 రూపాయలు. దాని మీద 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా పెనాల్టీ వేసే అధికారం కూడా ఈ పరిహారం తేల్చే కమిషనర్‌కి ఉంది. పది లక్షలు దయ అనుకున్నారేమో, బేరం అది. ఇంకోటి, మనిషి చనిపోయిన కేసులో పరిహారం కమిషనర్ దగ్గరే డిపాజిట్ చెయ్యాలి. చేతికి ఇచ్చింది, మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్స్ తప్ప, పరిహారంగా లెక్కలోకే రాదు (సెక్షన్ 8), హక్కు వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం చెల్లదు (సెక్షన్ 17). డబ్బు అవసరమైతే ఎక్స్‌గ్రేషియా అని రాయించి వదిన బ్యాంకు అకౌంట్లోకి తీసుకోండి, ఫుల్ అండ్ ఫైనల్ అన్న మాట ఎక్కడా ఉండకూడదు.

అతను మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ మనిషి అంటే కుదరదు. ఈటీపీ లేకుండా బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ ఒక్కరోజు నడవదు, అంటే ఆ పని కంపెనీ పనే, అదే 1923 చట్టం సెక్షన్ 12 ప్రకారం కంపెనీ మీదే క్లెయిమ్ వెయ్యొచ్చు, తర్వాత వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు. రెండేళ్ళలోపు వెయ్యాలి.

ఇప్పుడు అసలు విషయం, తనే దిగాడు అన్న వాదన. దీనికి చట్టంలో సమాధానం రాసిపెట్టి ఉంది. ఈఎస్‌ఐ చట్టం 51డి ప్రకారం, పని చేసే చోట ఆపదలో ఉన్న మనిషిని కాపాడబోయి ప్రమాదానికి గురైతే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమే. 1923 చట్టంలో కూడా, రూల్ కావాలని ఉల్లంఘించాడు అనే సాకు చావు కేసులో పనికిరాదు. పడిపోయిన మనిషిని చూసి ఎవరైనా దిగుతారండీ, అలా దిగకుండా చూడాల్సింది యజమాని. ఫ్యాక్టరీస్ చట్టం సెక్షన్ 36 చెప్పేది అదే: ట్యాంకు లాంటి చోట్ల లోపల గ్యాస్ లేదని అర్హత ఉన్న మనిషి పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు, ఆ బెల్టు తాడు బయట ఒకడి చేతిలో ఉండాలి. తాడు ఉంటే పైనుంచి లాగుతారు, రెండో మనిషి దిగే అవసరమే రాదు.

ఏ గ్యాసో పోస్ట్‌మార్టం, ఫోరెన్సిక్ రిపోర్టులే చెప్పాలి. కానీ ఈటీపీ ట్యాంకుల్లో మామూలుగా అనుమానించేది హైడ్రోజన్ సల్ఫైడ్, సల్ఫైడ్ ఉన్న వ్యర్థంలో యాసిడ్ కలిస్తే పుడుతుంది. గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే బయటకి రావచ్చులే అనుకుంటారు గానీ 100 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 100 వంతులు) దగ్గర్లో ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా అని దిగినవాడు మళ్ళీ పైకి రాడు. మామూలు మాస్క్ అక్కడ గుడ్డముక్కతో సమానం.

అందుకే మీరు పట్టుకోవాల్సింది ఆ రోజు పర్మిట్ కాగితం. అన్నయ్యకి పర్మిట్ లేదంటున్నారు సరే, ముందు దిగిన హెల్పర్‌కి ఉందా? గ్యాస్ టెస్ట్ రీడింగ్ ఎంత, ఎన్నింటికి, ఎవరు సంతకం పెట్టారు, బయట ఎవరు నిలబడ్డారు? నా దగ్గరకి వచ్చిన ఒక కేసులో పర్మిట్ మీద అన్ని టిక్కులూ ఒకే పెన్నుతో ఉన్నాయి, గ్యాస్ డిటెక్టర్ మెమరీ చూస్తే ఆ రోజు దాన్ని ఆన్ చేసిందే లేదు. కాబట్టి పర్మిట్, డిటెక్టర్ రికార్డ్, సీసీటీవీ, గేట్ హాజరు భద్రపరచమని పోలీసులకి, ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టర్‌కి ఈ వారమే రాసి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ప్రమాదం సంగతి తెలిసిన నాటి నుంచి మామూలుగా మూడు నెలల్లోనే ఆ ఇన్‌స్పెక్టర్ కోర్టులో కంప్లైంట్ వెయ్యాలి, ఇందులో రోజులు చాలా తక్కువ మిగిలాయి.

కేసు వెనక్కి తీసుకోవడం మీ చేతిలో లేదు. నిర్లక్ష్యం వల్ల మరణం, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106(1), రాజీకి వీలున్న నేరం కాదు, ఆ మాటే కాంట్రాక్టర్‌కి చెప్పండి.

మీకు ఎవరో కోటి వస్తుంది అని చెప్పి ఉంటారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫార్మా ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయినప్పుడు కుటుంబానికి కోటి ప్రకటించారు, నిజమే. అది ప్రభుత్వ నిర్ణయం, చట్టంలో ఉన్న రేటు కాదు. ఒకరో ఇద్దరో పోతే కెమెరాలు రావు, ప్రకటనా రాదు. కలెక్టర్‌కి అర్జీ పెట్టండి, కానీ దాని కోసం ఎదురుచూస్తూ క్లెయిమ్ ఆపకండి.

ఆ రోజు షిఫ్ట్‌లో ఉన్న మిగతా హెల్పర్లు ఇంకా అక్కడే ఉన్నారా? కాంట్రాక్టర్ వాళ్ళని వేరే సైట్‌కి పంపేలోపు వెళ్ళి కలవండి, ఫోన్ నంబర్లు, సొంత ఊళ్ళ అడ్రస్‌లు రాసుకోండి. ఫోన్‌పే హిస్టరీ మొత్తం ప్రింట్ తీసి పెట్టుకోండి, జీతానికి మీ దగ్గరున్న రుజువు అదొక్కటే, అన్నయ్య ఫోన్ మాత్రం ఎవరు అడిగినా ఇచ్చేయకండి, పోలీసులు అడిగితే రసీదు రాయించుకునే ఇవ్వండి.