షెడ్డు ముందా, సంఘం ముందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల సంఘ స్థాపన గురించే ఉత్తరాలు ఎక్కువొచ్చాయండి, అందుకని అవన్నీ ఒకేచోట పెట్టేశాం.

ప్రశ్న: అయ్యగారూ, వందనాలండి. నాది రాజోలు దగ్గర ఊరు. ఏడాది బైబిల్ ట్రైనింగ్ అయ్యింది. మా ఊరికెదురుగా గోదారి మధ్యలో ఉన్న లంకలో ఒక్క ప్రేయర్ కూడా జరగట్లేదు, అక్కడ సంఘం పెట్టాలని చాలా భారంగా ఉంది. కువైట్‌లో ఇంటిపని చేసే మా పిన్ని రేకుల షెడ్డుకి 3 లక్షలు పంపిస్తానంది. ముందు షెడ్డేసి ఓపెనింగ్ పెడితే జనం వస్తారాండి?

జవాబు: బాబూ, నీ భారం చూసి నిజంగా సంతోషమేసింది, కానీ షెడ్డు మాత్రం ఇప్పుడొద్దు. మా వైపు కాలవగట్టు మీద ఇలాగే ఒకటి వేశారు, ఓపెనింగ్ రోజు షామియానాలు, భోజనాలు, చుట్టుపక్కల పాస్టర్లందరూ, జనం కిటకిటలాడిపోయారు, మూడో ఆదివారం నేను వెళ్ళేసరికి సేవకుడు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, కీబోర్డు వాయించే అబ్బాయి, అంతే. ఇప్పుడు అందులో రొయ్యల మేత బస్తాలు వేసుకుంటున్నారు. ఆ సేవకుడు మంచివాడే బాబూ, ప్రార్థనాపరుడే, కానీ ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లోకైనా వెళ్ళి మంచినీళ్ళు తాగకుండానే గోడలు లేపాడు.

నువ్వు ముందు ఒక ఏడాది ఊరికే ఏరు దాటించే పంటెక్కి వెళ్ళిరా. లంక మనుషులు తెల్లారేసరికి అరటి తోటల్లోనో కూరగాయల మళ్ళల్లోనో ఇటుక బట్టీల దగ్గరో ఉంటారు, ఆదివారం పది గంటలకి రమ్మంటే ఎవరొస్తారు, రాత్రి ఏడు దాటాక అరుగుల మీద ఉంటారు, అప్పుడెళ్ళు. లూకా 10లో ప్రభువు శిష్యులకి చెప్పింది కూడా అదే కదా, సమాధాన పాత్రుడున్న ఇల్లు చూసుకుని అక్కడే ఉండండి, ఇంటింటికీ తిరగొద్దని. అలాంటి ఇల్లు ఒక్కటి దొరికితే ఆ అరుగే నీ మందిరం. ఇంకోటి, వరదలొచ్చినప్పుడు వెళ్ళు. గోదారి గుమ్మంలోకొచ్చిన రోజు బియ్యం మూట భుజాన వేసుకుని పడవ దిగినవాణ్ణి ఆ ఊరు మర్చిపోదు, అయితే ఆ బియ్యం ప్రేయర్‌కొచ్చేవాళ్ళకే అని మాత్రం ఎప్పుడూ అనకు, అలా ఇస్తే అది ప్రేమా కాదు సువార్తా కాదు.

మన డెల్టాలో ఈ పని ఎలా మొదలైందో ఒకసారి గుర్తు చేసుకో. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారితో కలిసి ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్ రాళ్ళు చెక్కే మేస్త్రి, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువుల్లేవు, నెలజీతం ఇస్తానన్న మిషన్ సొసైటీ లేదు, మన తెలుగు నేర్చుకుని నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేశారు. ఆ తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో బౌడెన్ గారు ఆ కూలీల మధ్యకి వెళ్ళి సువార్త చెప్పారు. రాయి మోసేవాడి కష్టం రాయి చెక్కినవాడికి తెలుస్తుంది కదా బాబూ. నీకు ట్రైనింగ్ ఉంది సరే, చేతిలో పనేదైనా ఉందా? ఎలక్ట్రికల్ పనో, సెల్ రిపేరో? ఉంటే మానొద్దు. పౌలు గారు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే సంఘం కట్టారు.

ఇంకో మాట. ఆ కాలంలోనే హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ అని ఇద్దరు మిషన్ సెక్రటరీలు, ఒకరు లండన్‌లో, ఇంకొకరు అమెరికా బోస్టన్‌లో, ఇద్దరూ ఒకే సంగతి చెప్పారు: కొత్త సంఘం తన్ను తానే నడుపుకోవాలి, తన ఖర్చు తానే భరించుకోవాలి, తన సువార్త తానే ప్రకటించుకోవాలి. మచిలీపట్నానికి 1841లో నోబుల్, ఫాక్స్ అనే మిషనరీల్ని పంపింది ఈ వెన్ గారి మిషన్ సొసైటీయే. చెప్పినంత తేలికగా జరగలేదనుకో, దొరల జీతం మీదే చాలా ఏళ్ళు గడిచాయి, ఆ అలవాటు ఇప్పటికీ మనల్ని వదల్లేదు. అందుకే నువ్వు మొదటి వారం నుంచే వాక్యం చదవడం అక్కడివాళ్ళకివ్వు, తప్పులు చదివినా సరే. పాట వాళ్ళనే ఎత్తుకోమను. కానుక డబ్బా వాళ్ళింట్లోనే ఉండాలి, లెక్క వాళ్ళే రాయాలి, పది రూపాయలైనా సరే. పౌలు గారు, బర్నబా గారు వెళ్ళిన ప్రతి సంఘంలోనూ ఆ ఊరివాళ్ళనే పెద్దలుగా ఏర్పాటు చేశారు, అపొస్తలుల కార్యములు 14:23 చూడు. అయితే నిన్న బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి ఇవాళ పెద్దని చెయ్యకు, వాడే పాడైపోతాడు.

ఇదంతా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుందంటావా, వరదకి పంటు ఆగిపోయి మూడు వారాలు నువ్వు వెళ్ళలేకపోయినప్పుడు ఆ అరుగు మీద కూడిక జరిగిందా లేదా అడుగు. జరిగితే సంఘం పుట్టినట్టే, అప్పుడు షెడ్డు సంగతి వాళ్ళే చూసుకుంటారు.

పిన్ని డబ్బు గురించి కూడా చెప్తా. ఆవిడది మన పాస్‌పోర్టే అయ్యుండి, సొంత జీతంలో దాచుకున్నది బ్యాంకు ద్వారా పంపిస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు, కానీ అక్కడి విదేశీయుల దగ్గర చందాలు పోగుచేసి పంపితే మాత్రం 2010 ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పట్టుకుంటుంది. ఎప్పటికైనా స్థలం కొంటే నీ పేరున కొనొద్దు, మీ నాన్న పేరున అసలొద్దు. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే రిజిస్ట్రేషన్ అవుతుంది, ఆ పేరున కొనండి, బ్యాంకులో ఇద్దరి సంతకాలు పెట్టండి. పాస్టర్ గారు పోయాక కొడుకులు మందిరానికి తాళాలేసుకుని కొట్టుకోవడం నేను రెండు చోట్ల చూశాను, విశ్వాసులు బయట ఎండలో నిలబడి ఏడ్చారు.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లెటూరండి మాది. మా వీధిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళం మధ్యాహ్నం లేసు అల్లుకుంటూ కూర్చుంటాం, రెండేళ్ళుగా గురువారం అల్లికలు పక్కన పెట్టి వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకుంటున్నాం. అందులో నలుగురు ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. పాస్టర్ గారు లేకుండా ఇది సంఘం అవుతుందా? మమ్మల్ని కొంతమంది తప్పు పడుతున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నాకు లూదియ గుర్తొచ్చింది. ఊదారంగు పొడి అమ్ముకునే ఆడమనిషి, ఫిలిప్పీలో నది ఒడ్డున ఆడవాళ్ళు ప్రార్థనకి కూడుకున్న చోట పౌలు గారికి కనపడింది, ఆ ఇంట్లోనే ఆ ఊరి సహోదరులు కూడుకున్నారు. లవొదికయలో నుంఫా ఇంట్లో సంఘం ఉందని కొలొస్సయి పత్రికలో ఉంది. కాబట్టి తప్పు చేస్తున్నామని భయపడకండి.

సంఘం అవుతుందా అన్నదానికి కార్యములు 2:42 పెట్టుకుని మీరే చూసుకోండి. బోధ ఉంది, ప్రార్థన ఉంది, సహవాసం ఉంది, రొట్టె విరవడం, అంటే ప్రభురాత్రి భోజనం, ఇంకా లేదు. ఈ ఆఖరుదాని దగ్గరే మనలో ఒక్కో డినామినేషన్‌ది ఒక్కో పద్ధతి, బ్రదరెన్ వాళ్ళకి అభిషేకించిన పాస్టరే ఉండాలని లేదు, లూథరన్, సీఎస్ఐ వాళ్ళకి గురువు గారు ఉండాలి. మీరు ఎవరి దగ్గర బాప్తిస్మం తీసుకున్నారో ఆ పెద్దల్ని నెలకోసారి మీ ఇంటికి రమ్మని పిలవండి, బాప్తిస్మాల సంగతీ వాళ్ళతోనే మాట్లాడండి. ఆ నలుగురి ఇళ్ళల్లో మగవాళ్ళకి తెలియకుండా మాత్రం ఏదీ చెయ్యొద్దు. దాచి చేసింది రేపు ఆ ఆడకూతురి మీదకే వస్తుంది. ముందు వాళ్ళ భర్తల్ని ఒకరోజు టీకి పిలవండి, ఏం చదువుకుంటున్నారో వాళ్ళ ముందే చదవండి. గురువారం మాత్రం ఆపకండి.

ప్రశ్న: మా ఊళ్ళో ఇప్పటికే నాలుగు చర్చిలున్నాయి. నేను కొత్తగా మొదలుపెడితే పక్క సంఘం వాళ్ళు వస్తున్నారు. చేర్చుకోవచ్చాండి?

జవాబు: వేరొకరు వేసిన పునాది మీద కట్టకూడదని పౌలు గారు రోమా 15:20లో రాశారు బ్రదర్. ఇల్లు మారి వచ్చారా, అక్కడ నిజంగా దెబ్బతిని వచ్చారా, అలిగి వచ్చారా కనుక్కోండి. అలిగి వచ్చినవాళ్ళని మీరే తీసుకెళ్ళి వాళ్ళ పాస్టర్ గారి ముందు కూర్చోబెట్టి మాట్లాడించండి. ప్రార్థన అంటే ఏంటో తెలియని పేట ఒకటి మీ ఊరికి నాలుగు కిలోమీటర్లలో తప్పకుండా ఉంటుంది, అటు వెళ్ళండి.

ప్రశ్న: శనివారం నైట్ ప్రేయర్‌కి మైకు పెడితే పక్కింటివాళ్ళు గొడవ చేస్తున్నారు.

జవాబు: వాళ్ళు అడగడంలో న్యాయముంది. 2000 శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదు, మిగతా టైములో కూడా రాతపూర్వకంగా పర్మిషన్ ఉండాలి. ముప్ఫైమందికి మైకెందుకండి? ఆ ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలున్నారేమో, వెళ్ళి సారీ చెప్పి రండి.

ప్రశ్న: మా సంఘం దళితుల పేటలో ఉందండి. ఈ మధ్య ఊళ్ళోంచి మూడు కుటుంబాలు రక్షణ పొందాయి, వాక్యం ఇష్టమే కానీ పేటలోకి రావడానికి మొహమాటపడి వేరే కూడిక పెట్టమంటున్నారు. పెట్టకపోతే పోతారేమోనని భయంగా ఉంది.

జవాబు: ఇది రాయడానికి మీకెంత బరువుగా ఉండి ఉంటుందో నాకు తెలుసు బ్రదర్, మా సంఘంలో ఇదే జరిగింది.

ఊళ్ళోంచి ఒక పెద్దావిడ వచ్చేది, చక్కగా పాడేది, కానీ ఆరు నెలలు సంచిలో తన నీళ్ళ సీసా తనే తెచ్చుకుంది. ఎవరం ఏమీ అనలేదు. పేటలో ఆడవాళ్ళకి అది తెలుసు, బాధపడ్డారు, అయినా ఆవిడకి చాప వెయ్యడం మానలేదు. కోత పండుగ రోజు వేలంపాటలో కొబ్బరికాయలు, గుమ్మడికాయలు అమ్ముతున్నాం, ఎండ మాడిపోతోంది, ఆవిడ సీసా అయిపోయింది. పక్కనున్న మా మరియమ్మ పిన్ని ఏమీ మాట్లాడకుండా తన గ్లాసు అలా చాపింది. ఆవిడ ఒక్క క్షణం ఆ గ్లాసుకేసి చూసి, తీసుకుని గటగటా తాగేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆవిడ ఎప్పుడూ సీసా తేలేదు.

కాబట్టి తొందరపెట్టకండి, కానీ ప్రభురాత్రి భోజనానికి వేరే బల్ల మాత్రం పెట్టకండి. వారం మధ్యలో ఊళ్ళో వాళ్ళిళ్ళల్లో ప్రేయర్లు పెట్టుకోవచ్చు, అక్కడికి పేటవాళ్ళని కూడా తీసుకెళ్ళండి, ముందు నడిచి రావాల్సింది ఎప్పుడూ ఒకవైపువాళ్ళే కాకూడదు. ప్రభురాత్రి భోజనం మాత్రం అందరికీ ఒకేచోట, ఒకే రొట్టె. కొరింథు సంఘంలో కలిగినవాళ్ళు ముందు తినేసి లేనివాళ్ళని సిగ్గుపరిచినందుకు పౌలు గారు 1 కొరింథీ 11లో ఎంత గట్టిగా రాశారో ఆ మూడు కుటుంబాలతో కూర్చుని నెమ్మదిగా చదవండి, పేటవాళ్ళ మీద కోపం తెప్పించేలా కాదు, మీరూ కన్నీళ్ళతో చదవండి. ఒక కుటుంబం వెళ్ళిపోవచ్చు, అలా వెళ్ళినవాళ్ళింటికి మీరు వెళ్ళడం మానకండి. వచ్చే నెల బల్లకి రొట్టె కాల్చే పని ఆ మూడు ఇళ్ళలో ఒకావిడకీ పేటలో ఒకావిడకీ కలిపి ఇచ్చి చూడండి, ఒకే పొయ్యి దగ్గర. ఏమైందో నాకు తప్పకుండా రాయండి.