టెక్ సందేహాలు: స్టేజీ మీద చారలు, సింగపూర్‌లో గడియారం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాలుగు పేజీలుంది. రాసినాయన ఉండేది మల్కాజిగిరిలో, ఉద్యోగం బ్యాంకులో, ప్రాణం మాత్రం కెమెరాలో. పాప పుట్టినప్పుడు కొన్న చిన్న డిజిటల్ కెమెరాతో మొదలుపెట్టారట. పుట్టినరోజులు, పండగలు, ఎండాకాలం సెలవుల ప్రయాణాలు అన్నీ తీస్తూ వచ్చి, ఇప్పుడు అదే పాప కూచిపూడి ప్రదర్శనల దగ్గర తేలారు. ‘అన్నా, మా అమ్మాయివి కూడా నాలుగు తియ్యండి’ అంటూ తోటి తల్లిదండ్రులు చుట్టూ చేరడంతో బ్యాచ్ మొత్తానికీ ఆయనే ఫోటోగ్రాఫర్. అడిగినవి మూడు. మొదటిదానికే ఎక్కువ చోటు పట్టింది.

రవీంద్రభారతిలో పాప డ్యాన్స్ తీశాను. చప్పుడు కాకూడదని సైలెంట్ మోడ్ పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే సగం ఫోటోల్లో అడ్డంగా నల్లటి చారలు. ఒకచోట చూపిస్తే సెన్సర్ పోయిందన్నారు. రెండు లక్షలు పెట్టి కొత్త కెమెరా కొనాలా?

ఆగండి, డబ్బులు తియ్యకండి. మీరు పంపిన ఫోటోలు చూశాను, సెన్సర్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్) నిక్షేపంగా ఉంది. తంటా అంతా లైట్లది.

ఎల్‌ఈడీ స్టేజీ లైట్లు మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటాయి. నిజానికి చాలా లైట్లు క్షణక్షణం ఆరి వెలుగుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. వెలుగు తగ్గించి పెంచే స్టేజీ లైట్లయితే ఇంకా వేగంగా. సైలెంట్ మోడ్‌లో పనిచేసేది ఎలక్ట్రానిక్ షట్టర్. అది సెన్సర్‌ను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. ఆ చదవడానికి మీ కెమెరాకు సెకనులో 20వ వంతు పట్టిందనుకోండి, ఆలోపు లైటు ఐదుసార్లు ఆరి వెలుగుతుంది. ఆరిన సమయంలో చదివిన వరసలే మీ నల్లచారలు.

మెకానికల్ షట్టర్‌కి మారండి, చారలు చాలావరకు పోతాయి. టక్‌మన్న చప్పుడుకి టెన్షన్ పడుతున్నారేమో, మృదంగం మోగుతుంటే అది పక్కసీటు వాళ్లకు కూడా వినపడదు. సంగీత కచేరీలో, ఆలాపన సాగుతున్నప్పుడు మాత్రం ఆ చప్పుడు ఘోరంగా ఉంటుంది, అక్కడ చప్పట్ల కోసం ఆగి తీయాల్సిందే. షట్టర్ స్పీడ్ 1/100 (సెకనులో వందో వంతు) దగ్గర పెట్టి చూడండి, అది మన కరెంటు లెక్కకు సరిపోతుంది. 1/125, 1/250 పెడితే లెక్క తప్పుతుంది. లైట్లు వేరే వేగంతో మినుకుమనే రకమైతే 1/100 కూడా పనిచేయకపోవచ్చు. అందుకే ప్రదర్శనకు ముందు లైట్లు సరిచూసుకునేటప్పుడు వెళ్లి ఖాళీ స్టేజీని నాలుగైదు స్పీడుల్లో తీసి చూసుకోండి.

‘1/100లో డ్యాన్స్ అలుక్కుపోదా?’ అంటారు. జతి (వేగంగా సాగే అడుగుల వరస) మధ్యలో తీస్తే అలుక్కుపోతుంది. కానీ జతి ముగింపైన తీర్మానం పడగానే నర్తకి ఒక్క క్షణం శిల్పంలా నిలబడుతుంది కదా, అక్కడ నొక్కండి. పదేళ్లుగా పాప వెంట క్లాసుకు తిరుగుతున్నారు, ఆ తాళం మీకు కంఠస్థమై ఉంటుంది. రెండు లక్షల కెమెరా పట్టుకుని ఆ ఒక్కరోజుకు వచ్చినవాడికి అది తెలియదు.

డబ్బు పెట్టాలనే ఉంటే లెన్స్ మీద పెట్టండి. మీ జూమ్ లెన్స్ పూర్తిగా లాగితే ఎఫ్/5.6 (ఈ అంకె తగ్గేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు పెరుగుతుంది). అదే 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌లోంచి దాదాపు పదింతల వెలుతురు వస్తుంది. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 12800 పెట్టి ఇసుక చల్లినట్టు వచ్చే ఫోటో 1600తో శుభ్రంగా వస్తుంది. కొనేముందు ఒకరోజు అద్దెకు తెచ్చుకుని, ముందు వరసల్లో కూర్చుని తీసి చూడండి.

ఇంకో మాట. వెనక నల్లతెర, ముందు అమ్మాయి మీద స్పాట్‌లైట్ ఉంటే కెమెరా మొత్తం చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, ఒకటిన్నర స్టాప్ తగ్గించి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది), సెన్సర్ చూసింది చూసినట్టు దాచే రా ఫార్మాట్‌లో తీయండి. ఎర్రలైటు, నీలంలైటు కింద ఇంకొంచెం తగ్గించండి, అక్కడ ఒక్క రంగే నిండిపోయి నగల పనితనం కనపడకుండా పోతుంది. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే ఆ నారింజ దీపాన్ని కూడా దయచేసి ఆపేయండి. స్టేజీ మీది పిల్లల కళ్లల్లో పడుతుంది.

సింగపూర్ వెళ్లొచ్చాం. కెమెరా ఫోటోలు, మా ఆవిడ ఫోన్ ఫోటోలు కలిపితే వరస మొత్తం గందరగోళం. భోజనం అయ్యాక టిఫిన్ చేసినట్టు వస్తున్నాయి.

ఫోన్ గడియారం సింగపూర్‌లో దిగగానే తనంతట తానే మారింది. మీ కెమెరా మాత్రం మల్కాజిగిరి టైములోనే ఉండిపోయింది. తేడా రెండున్నర గంటలు. ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ ట్రిప్పు ఫోటోలన్నీ ఎంచుకుని, తీసిన సమయాన్ని ఒకేసారి రెండున్నర గంటలు ముందుకు జరపొచ్చు. లేకపోతే డిజికామ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులోనూ ఈ సదుపాయం ఉంది. మార్చేముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి. ఈసారి ప్రయాణంలో మొదటి ఫోటోగా ఫోన్‌లోని గడియారాన్నే కెమెరాతో తీయండి, తేడా ఎంతో నిమిషాలతో సహా తెలిసిపోతుంది.

బంధువులు తీసినవి వాట్సాప్‌లో మామూలుగా పంపించుకున్నారని రాశారు. అలా వచ్చినవి కుదించుకుపోతాయి, తీసిన తేదీ వివరం కూడా ఊడిపోతుంది. వాళ్ల దగ్గర అసలు ఫోటోలుంటే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

పాప పుట్టినప్పటి నుంచి ఫోటోలు రెండు హార్డ్‌డిస్కుల్లో, పాత డీవీడీల్లో, లాప్‌టాప్‌లో తలో చోట ఉన్నాయి. ఏం చేయాలి?

ఇది మీరు మూడోదిగా అడిగారు, నేనైతే ముందు ఈ పనే చేసేవాణ్ని. బాసరలో మా వాడి అక్షరాభ్యాసం ఫోటోలు ఒకే ఒక్క డిస్కులో పెట్టుకుని, అది టేబుల్ మీంచి జారిపడేదాకా నాకు బుద్ధి రాలేదు. మా అత్తగారి వాట్సాప్‌లో మిగిలిన మూడు మసక ఫోటోలే ఇప్పుడు మాకు దిక్కు.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఫోటోగ్రాఫర్లు 3-2-1 అనే లెక్క ఇదే. మీ విషయంలో ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి ఇంట్లో డిస్కులో, మూడోది వరంగల్‌లో మీ తమ్ముడుగారింట్లో. సంక్రాంతికీ దసరాకూ వెళ్లినప్పుడు కొత్త కాపీ ఇచ్చి పాతది తెచ్చుకోండి. క్లౌడ్ కూడా మంచిదే కానీ, గూగుల్ ఫోటోస్ ఉచితంగా ఎంతైనా దాచిపెట్టే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీయే. రా ఫైళ్లకు అది ఒక ప్రదర్శనకే చాలదు.

డీవీడీలు ఈ ఆదివారమే కాపీ చేయండి. చదవలేనంటూ మొరాయిస్తే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక్కోసారి అందులో చదువుతుంది. ఫోల్డర్ పేరు సంవత్సరంతో మొదలుపెట్టి తర్వాత నెల, ఆపైన సందర్భం రాయండి: ‘2019-10 దసరా అరకు’. ‘న్యూ ఫోల్డర్ 2’లో పాప మొదటి బతుకమ్మను ఎవరు వెతుకుతారు?

ఫోన్‌లో జాగా లేదని ఫోటోలు డిలీట్ చేస్తే గూగుల్ ఫోటోస్‌లోనూ పోయాయి. (కూకట్‌పల్లి నుంచి)

ఆ యాప్‌లో డిలీట్ కొడితే రెండుచోట్లా పోతాయమ్మా. వెంటనే ట్రాష్ చూడండి, బ్యాకప్ అయినవి 60 రోజులు అందులో ఉంటాయి. ఇకమీదట ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడండి, అది బ్యాకప్ అయినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది.

విమానంలో కెమెరా బ్యాటరీలు, పవర్ బ్యాంక్ ఎక్కడ పెట్టాలి? (మియాపూర్ నుంచి)

చేతిసంచిలో. విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు. సాధారణంగా 100 వాట్ అవర్స్ లోపువాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్ అవర్స్ దగ్గరే ఆగుతుంది. బ్యాటరీ కొనలకు టేప్ అంటించండి.

నాన్నగారు పోయాక బీరువాలో వందల నెగెటివ్‌లు దొరికాయి. స్కాన్ చేయించి పారేయొచ్చా? (చిక్కడపల్లి నుంచి)

స్కాన్ చేయించండి, పారేయకండి. 35 ఎంఎం నెగెటివ్‌కి కనీసం 2400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అడగండి, ఒక్కోటి ఏడున్నర మెగాపిక్సెళ్ల దాకా వస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొని దాచింది. ఎవరో పారేయకుండా ఉంచబట్టే కదా కొనడానికి దొరికాయి! మీవాటిని తేమ తగలని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. అంతకంటే ముందు, రీలు కడిగించిన కవర్ల మీద నాన్నగారు ఏమైనా రాసి ఉంటే ఆ కవర్లనూ ఫోన్‌తో తీసుకోండి. ఎవరి పెళ్లో, ఏ ఊరో స్కానర్‌కు తెలియదు. ఫైళ్లకు ఆ పేర్లే పెట్టమని స్కాన్ చేసే అబ్బాయికి చెప్పండి.